పశ్చిమ సహారా ఎవరిది? చర్చకు సిద్ధం కావడం ఇలా

చెన్నైలో సివిల్స్‌కు చదివే తెలుగువాళ్లు పశ్చిమ సహారా (ఆఫ్రికా వాయవ్య తీరంలో మొరాకో తనదనే ప్రాంతం) విషయంలో ముందు రెండు ప్రశ్నల్ని విడదీయాలి: నేల మీద హక్కు ఎవరిది? అక్కడి జనం కోరేదేమిటి? తర్వాత నోట్సులో మూడు గడులు గీయండి: మొరాకో, పోలిసారియో (ఆ ప్రాంతానికి స్వాతంత్ర్యం కోరే సంస్థ), ఐక్యరాజ్యసమితి. 1963 నుంచి ఇది స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలో ఉందని మూడో గడిలో రాయండి.

తడబడేది 1975 అక్టోబరు 16 నాటి అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం దగ్గరే. కొన్ని తెగలకు మొరాకో సుల్తాను పట్ల విధేయత ఉండేదని కోర్టు ఒప్పుకుంది, కానీ అది ఆ నేలపై సార్వభౌమాధికారం కాదంది. సగమే చెబితే వాదన తలకిందులవుతుంది.

1991లో స్వాతంత్ర్యమా, మొరాకోలో విలీనమా అన్న ప్రజాభిప్రాయ సేకరణకు ఐరాస బృందం వెళ్లింది. ఓటర్లెవరో తేలక ఆ సేకరణ నిలిచిపోయింది. ఎక్కువ సమయం ఈ ఓటర్ల జాబితా గొడవకే ఇవ్వండి.

'మద్రాసు మనదే' ఉద్యమంతో మాత్రం పోల్చకండి. అది ఒకే దేశంలో రాష్ట్రాల హద్దు తగాదా.