జీఆర్86తో లగూనా సెకాలో: టైర్లు, సస్పెన్షన్ సమస్యలు - పరిష్కారాలు

షోరూమ్ నుంచి వచ్చిన టొయోటా జీఆర్86 స్పోర్ట్స్ కారుని అలాగే కాలిఫోర్నియాలోని లగూనా సెకా రేస్ ట్రాక్‌కి తీసుకెళ్ళి గట్టిగా తోలితే మొదటి రోజే రెండు మూడు ఇబ్బందులు బయటపడతాయి. వెంటనే అందరి చూపూ కాయిలోవర్ల (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్-షాక్ సెట్ల) మీద పడుతుంది. తొందరపడకండి. టైర్లలో గాలీ, అలైన్‌మెంటూ (చక్రాల కోణాలు) సరిచేస్తే వీటిలో చాలావరకు పోతాయి. ముందు ఒక మంచి ప్రెషర్ గేజ్ కొనండి. ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తేలదు.

మొదట్లో బాగానే ఉంది, నాలుగైదు ల్యాప్‌లయ్యాక జారుతోంది

టైర్లలో గాలి ఎక్కువైంది. డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన అంకె రోడ్డు కోసం, ట్రాక్ కోసం కాదు. చల్లటి టైర్లో 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టుకుని వెళ్తే సెషన్ అయ్యేసరికి 40 దాటిపోతుంది. లోపలి గాలి సుమారు 6 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిన ప్రతిసారీ ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. టైర్ మధ్యలో ఉబ్బి, రోడ్డును పట్టుకునే భాగం తగ్గిపోతుంది.

కాబట్టి లెక్కలోకి తీసుకోవాల్సింది వేడి మీద ఉన్న ప్రెషర్. 200 ట్రెడ్‌వేర్ (త్వరగా అరిగినా గట్టిగా పట్టే రకం) టైర్లయితే వేడి మీద 33 నుంచి 36 మధ్య ఉండేలా మొదలుపెట్టి, అక్కడినుంచి అటూ ఇటూ జరుపుకోండి. చల్లగా ఉన్నప్పుడు 28, 29 పెడితే దాదాపు అక్కడికే చేరుతుంది. పిట్‌లోకి రాగానే, హెల్మెట్ కూడా తీయకముందే కొలవండి. కబుర్లు చెప్పి వచ్చి కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

లగూనా సెకా యాంటీక్లాక్‌వైజ్ ట్రాక్. 11 మలుపుల్లో ఎడమవైపువే ఎక్కువ, కాబట్టి కుడివైపు టైర్లు ఎక్కువ కాగుతాయి. చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలో ఒకే గాలి పెడితే వేడెక్కాక కుడివైపువి పైకి పోతాయి. పొద్దున కుడివైపు ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గించే మొదలుపెట్టండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో నడిపేవాళ్ళు దీన్ని తిప్పి చదువుకోవాలి, అది క్లాక్‌వైజ్. ఇంకోటి, కారు ఎండలో నిలబెట్టి ఉంటే ఎండ తగిలిన వైపు టైర్లు తప్పుడు లెక్క చూపిస్తాయి.

సాయంత్రం బయల్దేరే ముందు గాలి మళ్ళీ నింపండి. వేడి మీద గాలి తీసేసిన టైర్లు చల్లారాక 26కి కూడా దిగుతాయి. వాటితో ఫ్రీవే ఎక్కకూడదు.

మలుపు మధ్యలో ముందు భాగం బయటికి తోసుకుపోతోంది, ముందు టైర్ల బయటి అంచు అరిగిపోతోంది

ఈ కారుకు అసలు జబ్బు ఇదే. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం సస్పెన్షన్, ఫ్యాక్టరీ క్యాంబర్ (చక్రం పైభాగం వాలే కోణం, లోపలికైతే మైనస్) దాదాపు సున్నా. మలుపులో బాడీ ఒరిగితే దానితోపాటు చక్రం కూడా బయటికి ఒరిగి, బరువంతా టైర్ బయటి భుజం మీద పడుతుంది. కారు తిరగడం లేదని డ్రైవర్ స్టీరింగ్ ఇంకా తిప్పుతాడు, ఆ అంచు ఇంకా అరుగుతుంది.

నిర్ధారించుకోవడానికి సైడ్‌వాల్ పైభాగంలో అచ్చు వేసి ఉండే చిన్న త్రికోణం చూడండి. టైర్ రాపిడి దాని కొస దగ్గరే ఆగాలి. దాన్ని దాటి గీతలు పడ్డాయంటే టైర్ మడతపడుతున్నట్టు. టైర్లోకి సూది గుచ్చి వేడి కొలిచే పైరోమీటర్‌తో లోపల, మధ్య, బయట మూడు చోట్ల కొలిస్తే ఇంకా మంచిది. లోపలి అంచు బయటికన్నా 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ ఉంటే క్యాంబర్ సరిపోయినట్టే. ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చూపిస్తుంది, పిట్‌లోకి వచ్చేలోపు అది మారిపోతుంది.

క్యాంబర్ బోల్ట్‌లతో మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీల దాకా వస్తుంది, ఖర్చూ తక్కువ. ట్రాక్‌కి తరచూ వెళ్ళేవాళ్ళు క్యాంబర్ ప్లేట్లు వేయించి మైనస్ 2.5 నుంచి 3 దాకా వెళ్ళొచ్చు. క్యాంబర్ మారిస్తే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా కదులుతుంది, కాబట్టి ముందు చక్రాల టో మళ్ళీ సున్నాకి తెప్పించండి. ముందు స్వే బార్ (కారు ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిది వేస్తే అండర్‌స్టీర్ (ముందు భాగం బయటికి తోసుకుపోవడం) పెరుగుతుందని పుస్తకం లెక్క. స్ట్రట్ కార్లలో మాత్రం ఒరగడం తగ్గి క్యాంబర్ నిలబడుతుంది కాబట్టి చాలాసార్లు మేలే చేస్తుంది. అందంగా ఉంటుందని కారు మరీ కిందికి దించకండి, ఆర్మ్‌ల కోణం చెడి ఇదే జబ్బు ముదురుతుంది.

మలుపులో యాక్సిలరేటర్ వదలగానే వెనక తిరిగిపోతోంది

కార్క్‌స్క్రూ (నిటారుగా కిందికి దిగే ఎడమ-కుడి మలుపుల జంట) దిగాక వచ్చే 9వ మలుపు, అంటే రైనీ కర్వ్‌లో ఇది ఎక్కువ. అది దిగుడు, బరువు అప్పటికే ముందుకి వాలి ఉంటుంది. పెడల్ ఒక్కసారి వదిలితే వెనక టైర్ల మీద మిగిలేది కొంచెమే. నిజం చెప్పాలంటే ఇందులో సగం తప్పు పాదానిది, మెల్లగా వదలడం నేర్చుకోవాలి. మిగతా సగానికి వెనక టో చూపించండి. టో-అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి తిరగడం) అస్సలు ఉండకూడదు, కొద్దిగా టో-ఇన్ ఉండాలి. పొద్దున్నే ట్రాక్ ఉన్న మాంటెరే వైపు పొగమంచు ఉంటే టైర్లు వేడెక్కేదాకా ఓపిక పట్టండి, అప్పుడు సెటప్‌ని తప్పుపట్టడం అనవసరం.

మలుపు నుంచి బయటికొస్తుంటే లోపలి వెనక చక్రం ఖాళీగా తిరుగుతోంది

ఈ కారుకు టోర్సెన్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ పట్టును బట్టి శక్తి పంచే గేర్లు) ఉంది. కానీ చక్రం గాల్లోకి లేస్తే టోర్సెన్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఎవరో చెప్పారని వెనక లావుపాటి స్వే బార్ వేయించి ఉంటే దాని చివర బిగించే రంధ్రాల్లో మెత్తగా ఉంచేదానికి మార్చండి, లేదా పాతదే పెట్టండి.

కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) ఎక్కగానే ఎగిరి పడుతోంది

షాక్ రాడ్‌కి ఒక జిప్ టై కట్టి సెషన్ అయ్యాక చూడండి. అది బంప్ స్టాప్‌కి (షాక్ చివర ఉండే రబ్బరు అడ్డుకి) అంటుకుపోయి ఉంటే సస్పెన్షన్ కదిలే దూరం సరిపోవడం లేదు, కారు కాస్త ఎత్తాలి లేదా స్ప్రింగ్ గట్టిపరచాలి. ఇంకా చోటు మిగిలి ఉంటే డ్యాంపర్ (షాక్) మరీ బిగుతుగా ఉంది, అడ్జస్ట్ చేసే రకమైతే దాని నాబ్ రెండు క్లిక్‌లు వదలండి.

స్టీరింగ్ వణుకుతోంది

మొదట వీల్ నట్లు చూడండి, టార్క్ (బిగింపు) 120 న్యూటన్ మీటర్లు. అవి సరిగ్గా ఉన్నా వణికితే టైర్ మీద చేయి పెట్టి చూడండి. ట్రాక్ పక్కన రాలిన రబ్బరు ముద్దలు అంటుకుని ఉంటాయి, కొన్ని కిలోమీటర్లు పోయాక వాటంతటవే రాలిపోతాయి. బ్రేక్ వేసినప్పుడే వణికితే అది సస్పెన్షన్ కాదు, ప్యాడ్ మెటీరియల్ డిస్క్ మీద ఎగుడుదిగుడుగా అతుక్కుంది. ట్రాక్‌కి తగిన ప్యాడ్లు వేయించి, పద్ధతిగా బెడ్డింగ్ (ప్యాడ్లను క్రమంగా వేడెక్కించి డిస్క్‌కి అలవాటు చేయడం) చేయించండి.