పాస్తాకు టమాటా సాస్ ఇంట్లోనే ఎలా చేయాలి?

ఈ సాస్‌కు కావాల్సిన సరుకులు తక్కువే: కిలో టమాటాలు, 3 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, 4 వెల్లుల్లి రెబ్బలు, టీస్పూన్ ఉప్పు, గుప్పెడు బాసిల్ ఆకులు. ఇది 400 గ్రాముల పాస్తాకు, అంటే నలుగురికి సరిపోతుంది. మసాలాలేవీ ఉండవు కాబట్టి టమాటా బాగా పండాలి, అందులోని నీరు తొందరపడకుండా ఇగరాలి. రుచంతా ఈ రెండింటిలోనే ఉంది.

రోమా, శాన్ మార్జానో లాంటి కోలగా ఉండే రకాల్లో కండ ఎక్కువ, నీరు తక్కువ. అవి దొరికితే మంచిది. దొరక్కపోతే మామూలు గుండ్రటివే తీసుకోండి, కాకపోతే ఇంకాసేపు ఉడికించాలి.

1. ప్రతి టమాటాకూ అడుగున కత్తితో ఇంటూ గుర్తులా చిన్న గాటు పెట్టండి. మరిగే నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేయండి. గాటు దగ్గర పట్టుకుని లాగితే తొక్క సులువుగా ఊడి వస్తుంది.

2. కాడ దగ్గరి గట్టి భాగం తీసేసి, టమాటాలను చేత్తోనే చిదమండి. గింజల చుట్టూ ఉండే జిగురును మాత్రం పారేయకండి. రుచినిచ్చే గ్లుటమేట్ కండలో కన్నా అందులోనే ఎక్కువ. మిక్సీ నాకు నచ్చదు. గాలి చేరి సాస్ రంగు పాలిపోతుంది, గింజలు నలిగితే చేదు కూడా రావచ్చు.

3. వెడల్పాటి స్టీల్ గిన్నెలో నూనె పోసి, పలుచగా తరిగిన వెల్లుల్లిని సన్నని సెగ మీద వేయించండి. అంచులు లేత బంగారు రంగుకు తిరగ్గానే టమాటాలు వేసేయాలి. మాడితే ఆ చేదు సాస్ మొత్తానికీ పట్టేస్తుంది. కోటింగ్ లేని అల్యూమినియం, ఇనుప పాత్రలు వద్దు, పులుపు తగిలితే లోహపు రుచి వస్తుంది.

4. ఉప్పు వేసి, మూత పెట్టకుండా సిమ్‌లో 30 నుంచి 40 నిమిషాలు ఉడకనివ్వండి. అడుగంటకుండా మధ్యమధ్యలో కలుపుతూ ఉండండి. గడియారం కన్నా ప్లేటును నమ్మండి: ఒక చెంచా సాస్ ప్లేటులో వేసి అర నిమిషం ఆగండి. చుట్టూ పలుచటి నీరు ఊరితే ఇంకా ఉడకాలి. వేసినచోటే ముద్దగా నిలిచి, అంచున నూనె మెరిస్తే అయిపోయినట్టే.

అప్పుడే రుచి చూడండి. పులుపు ఎక్కువైతే చిటికెడు చక్కెర చాలు. బేకింగ్ సోడా కూడా పులుపును విరుస్తుంది కానీ కాస్త ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది, అందుకే నా ఓటు చక్కెరకే.

5. స్టవ్ కట్టేశాక బాసిల్ ఆకులు తుంచి వేయండి. ముందే వేస్తే వాటి వాసన ఆవిరితో పోతుంది.

పాస్తాను కొంచెం పలుకుగా ఉండగానే తీసి సాస్‌లో వేయండి. అది ఉడికిన నీళ్లు అర కప్పు పక్కన ఉంచుకుని, కొద్దికొద్దిగా పోస్తూ ఒక నిమిషం పాటు సెగ మీద కలపండి. ఆ నీటిలోని పిండిపదార్థం వల్ల నూనె, గుజ్జు కలిసిపోయి పాస్తాకు చక్కగా పట్టుకుంటాయి.

మిగిలిన సాస్ చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే 3, 4 రోజులు, ఫ్రీజర్‌లో 3 నెలలు బాగుంటుంది. సీసాలో పోసి బయట అలమారలో మాత్రం ఉంచకండి. సరైన పద్ధతిలో పులుపు కలిపి సీలు చేయకపోతే బాట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషప్రభావానికి దారితీయవచ్చు.