క్రాప్ చాలా, పొడుగు లెన్స్ కావాలా?

కొల్లేరులో గూడబాతును 200 ఎంఎం లెన్స్‌తో తీసి (ఎంఎం ఎంత పెరిగితే పక్షి అంత దగ్గరగా కనిపిస్తుంది), 400 ఎంఎంతో తీసినంత దగ్గరగా కనిపించేలా క్రాప్ చేస్తే, అంటే అంచులు కత్తిరిస్తే, వెడల్పులో సగం, ఎత్తులో సగమే మిగులుతుంది. అంటే 24 మెగాపిక్సెల్ ఫొటో 6కి పడిపోతుంది. ఫోన్‌లో చూసుకోవడానికి, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 10 అంగుళాల వెడల్పు ప్రింటుకి అది చాలు. అదే 300 ఎంఎం నుంచి 400కి అయితే 13.5 మిగులుతుంది. ఆ కాస్త తేడా కోసం కొత్త లెన్స్ కొనడం దండగ.

నిలబడ్డ చోటు మారకపోతే పర్‌స్పెక్టివ్, అంటే ముందున్నవాటికీ వెనకున్నవాటికీ మధ్య కనిపించే దూరం, క్రాప్‌లోనూ పొడుగు లెన్స్‌లోనూ ఒకటే. పొడుగు లెన్స్ వెనకున్నవాటిని దగ్గరికి లాగుతుందన్న మాట నమ్మకండి. మారేది బ్లర్: 200 ఎంఎం ఎఫ్5.6 (ఎఫ్ అంకె పెరిగితే లెన్స్ రంధ్రం చిన్నదై బ్లర్ తగ్గుతుంది) ఫొటోని సగానికి క్రాప్ చేస్తే, బ్యాక్‌గ్రౌండ్ 400 ఎంఎం ఎఫ్11లో వచ్చినట్టు బ్లర్ తగ్గి స్పష్టంగా తేలుతుంది. నాయిస్ (ఫొటోలో కనిపించే చుక్కచుక్కల గరుకు) కూడా పెద్దదై కనిపిస్తుంది కాబట్టి చీకటి పడే వేళ క్రాప్ మీద ఆశ పెట్టుకోవద్దు.

చాలామంది మరిచేది షటర్. క్రాప్ చెయ్యాలని ముందే అనుకుంటే 200 ఎంఎంకి మామూలుగా పెట్టే 1/200 సెకను కాదు, 1/400 లేదా అంతకంటే వేగంగా పెట్టండి. ఫొటోతో పాటు చేతి వణుకూ రెట్టింపవుతుంది మరి. ఎగిరే పక్షికైతే 1/1600.