పెరటికోడి గుడ్లు తగ్గించిందా? ముందు మేత చూడండి

"రెండు పూటలా గింజలు చల్లుతున్నా, కడుపు నిండా తింటోంది, అయినా వారానికి ఒక్క గుడ్డే" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, ఏం గింజలు చల్లుతున్నారు అని. మా అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు జవాబు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. సజ్జలు, లేదంటే నూకలు, అదీ లేదంటే స్టోరు బియ్యం.

కోడి రోజుకు తినేది 80 నుంచి 110 గ్రాముల మేత, నాటుకోడి అయితే ఇంకొంచెం తక్కువ. బియ్యంలో మాంసకృత్తులు నూటికి 7 పాళ్లు మాత్రమే, సజ్జల్లో 11 దాకా ఉంటాయి. 80 గ్రాముల బియ్యం తిన్న కోడికి దక్కేది ఐదున్నర గ్రాములు. ఒక్క గుడ్డులోనే ఐదారు గ్రాముల మాంసకృత్తులు పోతాయి. మరి అది బతకడానికి, ఈకలు పెంచుకోవడానికి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? తెచ్చుకోలేదు కాబట్టి గుడ్డు మానేస్తుంది. మన కంటికేమో బాగా తింటున్నట్టే, బరువు కూడా పెరిగినట్టే కనిపిస్తుంది, కోస్తే పొట్ట నిండా కొవ్వు బయటపడుతుంది.

గుడ్లు పెట్టే కోడి మేతలో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడున్నర శాతం చుట్టుపక్కల ఉండాలి. ఈ రెండూ సర్దితే సగం పని అయినట్టే. మిగతా సగం నీళ్లది, దాని సంగతి తర్వాత.

మాంసకృత్తులకు మన జిల్లాలో దిగులు లేదు, బుడ్డల చెక్క ఉంది, అంటే వేరుశనగ నూనె ఆడాక మిగిలే పిండి. అందులో నూటికి 40 పైనే ఉంటాయి. కాకపోతే చెక్క ఒక్కటే పెట్టి ఊరుకుంటే కుదరదు, ఎందుకంటే మాంసకృత్తుల్లో ఉండే లైసిన్, మెథియోనిన్ అనే రెండు ముక్కలు అందులో తక్కువ, అవి లేకుండా మిగతావి ఎంత ఉన్నా గుడ్డు తయారవదు. అందుకే కొంచెం సోయా చెక్క కలపాలి. పొద్దుతిరుగుడు చెక్క దొరికితే అది కూడా కలపొచ్చు, మెథియోనిన్ దాంట్లో బాగానే ఉంటుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక ఏడు వానకు తడిసిన చెక్క బస్తా సగం ధరకు వస్తోందని తెచ్చాను, రెండు రోజులు ఎండకు పెట్టాను, వాసన పోయింది కదా అని కోళ్లకు వేశాను. మూడు వారాలు తిరిగేసరికి జుట్టులు పాలిపోయి, మేత ముట్టక, గుడ్లు పూర్తిగా ఆగిపోయాయి. బూజు పట్టిన బుడ్డల్లో, చెక్కలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఎండకు పోదు, ఉడకబెట్టినా పోదు, కోడి కాలేయాన్ని పాడు చేస్తుంది. కాబట్టి పచ్చగానో నల్లగానో చుక్క కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా ఆ చెక్క కోడికి వద్దు, బర్రెకు కూడా వద్దు.

ఇంకో రెండు చెక్కలతో జాగ్రత్త. చీనీ (బత్తాయి) చెట్లకు ఎరువుగా వేసే ఆముదం చెక్క కోడికి విషం, ఆ బస్తా ఉన్న చోటికి కోళ్లను పోనివ్వకండి. పత్తి చెక్క తింటే గుడ్డు దాచే కొద్దీ సొన ఆకుపచ్చగా, మురికిగా మారుతుంది, తినేవాళ్లు కుళ్లిందనుకుని పారేస్తారు.

ఇక కాల్షియం. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్నదంతా వంటబట్టదు కాబట్టి గుడ్డు పెట్టే రోజు కోడికి దగ్గర దగ్గర 4 గ్రాములు కావాలి. "రాగులు పెడుతున్నా కదా, దాంట్లో కాల్షియం ఉంటుందంటారు" అని పక్కింటి వదిన అంది. నిజమే, ధాన్యాల్లో రాగిదే పైచేయి, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. కానీ ఆ లెక్కన 4 గ్రాములకు కోడి కిలోకు పైగా రాగులు తినాలి! సంగటి మనకు మంచిది, కోడికి మాత్రం గుల్లపొడి, అంటే సముద్రపు గుల్లల పొడి కావాలి. కోళ్ల మేత అమ్మే అంగట్లో షెల్ గ్రిట్ అంటే ఇస్తారు. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా ఉడకబెట్టి, ఎండబెట్టి, సన్నగా నలిపి పెట్టొచ్చు. పెద్ద ముక్కలుగా వేస్తే మాత్రం రుచి మరిగి సొంత గుడ్లే పొడుచుకు తింటాయి, ఆ అలవాటు మాన్పించడం నా వల్ల కాలేదు.

తాంబూలం సున్నం నీళ్లలో కలపొద్దు, అది నోరు, గొంతు కాలుస్తుంది. ఇసుక, గులకరాళ్లు వేరే పనికి, కందనకాయలో గింజలు నూరడానికి, వాటితో పెంకు రాదు.

గుల్లపొడిని మేతలో కలిపినా, విడిగా కూడా ఒక చిప్పలో, ముఖ్యంగా సాయంత్రం పెట్టండి. గుడ్డు తయారవడానికి ఒక రోజు పైన పడితే అందులో పెంకుకే సుమారు 20 గంటలు, చాలా మటుకు రాత్రిపూట. రాత్రికి కడుపులో కాల్షియం లేకపోతే ఎముకల్లోంచి లాక్కుంటుంది, అక్కడా అయిపోతే గట్టి పెంకు లేని తోలుగుడ్డు పెడుతుంది, తర్వాత కాళ్లు పడిపోతాయి. కోడిపిల్లలకు, ఇంకా గుడ్డుకు రాని పెట్టలకు మాత్రం ఈ మేత వద్దు, అంత కాల్షియం వాటి కిడ్నీలను పాడు చేస్తుంది.

నేను కలిపే లెక్క, సుమారు 10 కిలోలకు: సజ్జ నూక లేదా మొక్కజొన్న నూక 5 కిలోలు, తవుడు కిలోన్నర, బుడ్డల చెక్క కిలోన్నర, సోయా చెక్క కిలో, గుల్లపొడి 800 గ్రాములు, కోళ్ల మినరల్ మిక్చర్ 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. ఉప్పు అసలు లేకపోతే ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి, ఎక్కువైనా ప్రమాదమే, అందుకే ఊరగాయ, ఎండుచేప మిగిలినవి వేయొద్దు. తవుడు తాజాగా ఉండాలి, నెల దాటితే కంపు కొడుతుంది. పగలంతా బయట తిరిగే కోళ్లయితే ఇందులో సగం, అంటే తలకు 40, 50 గ్రాములు సాయంత్రం వేస్తే చాలు, మిగతాది పురుగులు, గడ్డి చూసుకుంటాయి. మా అవ్వ తడి పేడ, చొప్ప నింపిన కుండను చెదల పుట్ట మీద బోర్లించేది, పొద్దున్నే ఎత్తితే కుండ నిండా చెదలు, కోడిపిల్లలకు అంత మంచి మేత నాకు వేరే తెలియదు.

సొన ముదురు పసుపు రంగులో కావాలంటే మునగాకు, తోటకూర రోజూ ఒక గుప్పెడు కట్టి వేలాడదీయండి. జొన్నల మీద పెరిగిన కోడి సొన పాలిపోయి ఉంటుంది. అందులో బలం తక్కువని కాదు, కానీ కొనేవాళ్లు ఒప్పుకోరు.

ఇప్పుడు నీళ్లు. గుడ్డులో ముప్పావు వంతు నీళ్లే. కోడి రోజుకు పావు లీటరు దాకా తాగుతుంది, మన ఏప్రిల్, మే ఎండల్లో దానికి రెట్టింపు. సగం రోజు నీళ్లు లేకపోయినా గుడ్ల లెక్క పడిపోతుంది. మట్టి తొట్టిలో, నీడన, రెండు మూడు సార్లు మార్చండి. ఎండకు నోరు తెరిచి రొప్పే కోడి మేత తగ్గిస్తుంది, రొప్పడం వల్ల రక్తంలో పెంకుకు పనికొచ్చే కార్బొనేటు కూడా తగ్గుతుంది, అందుకే ఎండాకాలం గుడ్డు పెంకు పల్చన. ఆ నెలల్లో మేత తెల్లవారకముందు, పొద్దు వాలాక వేయండి, మధ్యాహ్నం వేసినా ముట్టవు.

మేత మార్చిన మర్నాడే గుడ్డు కోసం చూడకండి. సొన ఎదగడానికే పది రోజులు పడుతుంది, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, మార్పు కూడా కొంచెం కొంచెంగా పాత మేతలో కలుపుతూ చేయాలి. ఆశ కూడా జాతిని బట్టి పెట్టుకోవాలి. నాటుకోడి ఏడాదికి 60, 80 పెడితే గొప్ప, అది 12, 15 పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, మేతతో దాన్ని లేపలేం. హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల గ్రామప్రియ అయితే మంచి మేతకు 200 దాకా వస్తుంది. ఈకలు రాల్చే కాలంలోనూ గుడ్డు ఆగుతుంది, డిసెంబరులో పగలు పదకొండు గంటల పైచిలుకే కాబట్టి వెలుతురు చాలక అప్పుడూ తగ్గుతుంది.

ఇన్నీ చూసినా లెక్క తేలకపోతే గడ్డివాములో వెతకండి. పోయిన ఏడు నేను మేత మీద అనుమానంతో టెన్షన్ పడుతుంటే, మా పెట్ట వాము వెనక 14 గుడ్లు దాచి కూర్చుంది.