కుక్కను బేస్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్లడం ఎలా?

2016 నవంబరులో విశాఖలో ఇండియా, ఇంగ్లండ్ టెస్టు జరుగుతుంటే ఒక ఊరకుక్క గ్రౌండ్‌లోకి దూరింది. ఎంత తరిమినా బయటికి పోకపోవడంతో అంపైర్లు టీ విరామం ముందుగానే ఇచ్చేశారు. మన స్టేడియాల్లో కుక్క కనబడిందంటే అలా గోడ దూకి వచ్చినదే. అమెరికాలో మాత్రం చాలా బేస్‌బాల్ జట్లు సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లకు కుక్కలను టికెట్ ఇచ్చి మరీ పిలుస్తాయి. 2016 సెప్టెంబరులో చికాగో వైట్ సాక్స్ మ్యాచ్‌కు 1,122 కుక్కలు వచ్చి గిన్నిస్ రికార్డు కొట్టాయి. అక్కడ ఉంటున్న మనవాళ్లు చాలామందికి ఇంట్లో ఓ కుక్క ఉంది కాబట్టి, వెళ్లాలనుకుంటే ఏం చేయాలో చెబుతాను.

1. ముందు కుక్కను అడగండి

మీకు సరదాగా ఉంటుందని కాదు, దానికి బాగుంటుందా అని చూడాలి. దీపావళి టపాకాయలకు మంచం కింద దూరే కుక్కను తీసుకెళ్లొద్దు. కొన్ని స్టేడియాల్లో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి పెద్ద షాట్) కొట్టినప్పుడల్లా బాణసంచా పేలుస్తారు. కొత్త కుక్కలను చూస్తే మీద పడేది, ఎదలో ఉన్నది, టీకాలు పూర్తికాని పిల్ల కూడా ఇంట్లోనే ఉండాలి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఎండలో ఊపిరి ఆడదు. వాటిని ఏప్రిల్‌లోనో సెప్టెంబరులోనో, అదీ సాయంత్రం మ్యాచ్‌కైతేనే తీసుకెళ్లండి.

2. టికెట్, కాగితాలు

జట్టు వెబ్‌సైట్‌లో ప్రమోషన్ల పేజీ చూస్తే తేదీలు తెలుస్తాయి. మీకొకటి, కుక్కకొకటి టికెట్ కొనాలి. కుక్కల సెక్షన్ విడిగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది. సాధారణంగా ఒక పెద్ద మనిషికి ఒక కుక్క లెక్క. రేబిస్ టీకా సర్టిఫికెట్, పూచీ మాదేనని మీరు సంతకం చేసిన ఫారం అడుగుతారు. ఏ గేటు నుంచి రానిస్తారో కూడా ముందే చూసుకోండి.

3. ఇంట్లో ప్రాక్టీసు

రెండు మూడు వారాల ముందు నుంచి టీవీలో మ్యాచ్ పెట్టి, జనం కేకలు మొదట చిన్నగా, తర్వాత పెద్దగా వినిపించండి. విన్నప్పుడల్లా దానికి ఇష్టమైన ముక్క ఒకటి ఇవ్వండి. తర్వాత దగ్గరి పార్కులో పిల్లల మ్యాచ్‌కు తీసుకెళ్లి, మీ కాళ్ల దగ్గర అరగంట కూర్చోబెట్టండి. 2023లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి సెకన్ల గడువు పెట్టే గడియారం) వచ్చాక బేస్‌బాల్ ఆట సగటున 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. అయినా అరగంట కూడా కుదురుగా ఉండని కుక్కకు అది చాలా ఎక్కువ.

4. సంచిలో

నీళ్లు, మడిచే గిన్నె, మలం ఎత్తే కవర్లు, తడి తువ్వాలు, దాని సొంత తిండి కొంచెం. లీష్ (కుక్కను పట్టుకునే తాడు) ఆరడుగులకు మించకూడదు. సాగే రకం వద్దు, చాలాచోట్ల లోపలికి రానివ్వరు. మెడ పట్టీ కంటే హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) మేలు, భయపడి వెనక్కి గుంజినా తల జారిపోదు.

5. స్టేడియంలో

మ్యాచ్‌కు ముందు కుక్కలను గ్రౌండ్ అంచు వెంట ఊరేగించే పద్ధతి చాలా చోట్ల ఉంది. అందరూ ఎదురుచూసేది దీనికే. కానీ క్యూలో ఎండన నిలబడాల్సి రావచ్చు. అరచేతి వెనుక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకూ కాలుతుంది.

కూర్చున్నాక కింద ఏం పడి ఉందో చూడండి. హాట్‌డాగ్‌లో ఉల్లిపాయలు, చాక్లెట్, ద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిసిన చూయింగ్ గమ్ కుక్కలకు విషమే. ఉడికిన కోడి ఎముకలు గొంతులో గుచ్చుకుంటాయి. పక్కవాళ్ల పిల్లలు ప్రేమగా పెట్టబోతే నవ్వుతూనే వద్దనండి.

దాని ముఖం మీద ఓ కన్నేసి ఉంచండి. ఊరికే ఆవలించడం, పెదాలు నాక్కోవడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం టెన్షన్‌కు గుర్తులు. అలా కనిపిస్తే లేచి వెనక నీడలో కాసేపు నడిపించండి. తిరిగొచ్చాక కూడా తగ్గకపోతే స్కోరు ఎంతున్నా ఇంటికి బయల్దేరండి. టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు.

ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్లు ఎర్రబడి తూలుతుంటే అది వడదెబ్బ. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, 104 దాటితే ప్రమాదం. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, పాదాలు చల్లటి నీళ్లతో తడిపి, గాలి విసురుతూ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దగ్గర్లో రాత్రి కూడా తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి నంబరు ఫోన్‌లో ముందే పెట్టుకోండి.

ఆట చివరి ఇన్నింగ్స్‌లో ఉండగానే బయటపడితే తోపులాట తప్పుతుంది. ఆట తర్వాత బాణసంచా ఉన్న రోజైతే ఇది తప్పనిసరి.