స్టాక్ ఫోటో వెనక్కి వచ్చిందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చూసినవాళ్లంతా బాగుందన్న ఫోటోను, ఎవరైనా కొనుక్కుని వాడుకునేలా ఫోటోలు (స్టాక్ ఫోటోలు) అమ్మిపెట్టే వెబ్‌సైట్లు షట్టర్‌స్టాక్‌కో అడోబీ స్టాక్‌కో పంపితే తిరస్కరించారని బాధపడేవాళ్లు చాలామంది. అక్కడ ఫోటో అందానికి మార్కులు వేయరు. పెద్ద సైజులో ప్రింటు వేస్తే నిలబడుతుందా, కొన్నవాళ్లకు రేపు హక్కుల గొడవ వస్తుందా అన్నవే ముఖ్యంగా చూస్తారు. కాబట్టి అదే ఫైలు మళ్లీ మళ్లీ పంపకుండా, వాళ్లు చెప్పిన కారణాన్ని బట్టి సరిచేయండి.

సమస్య: నాయిస్ ఉందని, ఫోకస్ లేదని తిరస్కరించారు

ఫోన్ తెర మీద ఈ లోపాలు కనిపించవు. కంప్యూటర్‌లో 100 శాతం జూమ్ చేసి చూడండి. రాత్రిపూట తీసిన బతుకమ్మ ఫోటోలో తంగేడు పూలు నిగనిగలాడుతుంటాయి. వెనకున్న చీర మడతల్లో మాత్రం ఎర్రటి, ఆకుపచ్చటి చుక్కలు ఇసుక చల్లినట్టు ఉంటాయి. అదే నాయిస్. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) బాగా పెంచడం, ఎడిటింగ్‌లో నీడల్ని అతిగా వెలిగించడం, షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టడం దీనికి కారణాలు.

ట్రైపాడ్ వాడి ఐఎస్ఓ తగ్గించండి, కెమెరా పట్టిన వివరాలన్నీ దాచే రా ఫార్మాట్‌లో తీయండి. ఇప్పటికే తీసేసిన ఫోటో అయితే సైజు కొంత తగ్గిస్తే సన్నటి నాయిస్ అణుగుతుంది. కానీ 4 మెగాపిక్సెళ్ల కంటే కిందికి దిగకూడదు. రెండు చోట్లా అదే కనీస పరిమితి. ఫోకస్ తప్పితే మాత్రం ఆ ఫోటో మీద ఆశ వదులుకోవడమే మంచిది.

సమస్య: మోడల్ రిలీజ్ అడిగారు

గుంటూరు మిర్చి యార్డులో కాయలు ఏరుతున్న ఒకామె ఫోటో తీశారనుకోండి. ముఖం సగమే కనిపించినా, తెలిసినవాళ్లు ఆమెను గుర్తుపట్టగలిగితే మోడల్ రిలీజ్, అంటే తన ఫోటో వాడుకోవచ్చని ఒప్పుకునే ఫారం మీద ఆమె సంతకం, కావాల్సిందే. పచ్చబొట్టు కూడా మనిషిని పట్టిస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లో తండ్రో, సంరక్షకులో సంతకం పెట్టాలి.

ఫారం అక్కడికక్కడే నింపించుకోండి, తర్వాత ఆ మనిషి దొరక్కపోవచ్చు. సంతకం తీసుకునే ముందు, "అమ్మా, ఈ ఫోటో ఏ దేశంలోనైనా, ఏ కంపెనీ ప్రకటనలోనైనా రావచ్చు" అని తెలుగులో విడమరిచి చెప్పండి. ఆమె వద్దంటే వదిలేయాలి. మన దగ్గర ఈ మాట చెప్పకుండానే వేలిముద్ర వేయించుకునేవాళ్లున్నారు, అది అన్యాయం.

రిలీజ్ లేని ఫోటోను షట్టర్‌స్టాక్‌లో ఎడిటోరియల్ (ప్రకటనలకు కాకుండా వార్తలకు, వ్యాసాలకు వాడే విభాగం) కింద ఇవ్వచ్చు. క్యాప్షన్‌లో ఊరు, దేశం, తేదీ, అక్కడ జరుగుతున్న విషయం ఉండాలి. ఫోటోలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. అడోబీలో ఇలాంటి విభాగమైన ఇలస్ట్రేటివ్ ఎడిటోరియల్‌లో మాత్రం గుర్తుపట్టగలిగే మనుషులుంటే తీసుకోరు.

సమస్య: మేధోహక్కుల అభ్యంతరం

ట్రాక్టర్ మీద కంపెనీ పేరు, చొక్కా మీద లోగో, గోడ మీద సినిమా పోస్టర్... వాణిజ్య వాడకానికి పంపే ఫోటోలో ఇవన్నీ చెరిపేయాలి. కొన్ని కట్టడాలతోనూ ఈ చిక్కు ఉంది. ముంబైలోని తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ తన భవనం రూపానికే 2017లో ట్రేడ్‌మార్క్ తీసుకుంది.

సమస్య: ఒకేలాంటి ఫోటోలు ఎక్కువ పంపారు

ఒకే దృశ్యం ఇరవై ఫ్రేములు పంపి "ఒకేలా ఉన్నాయి" అనిపించుకోవద్దు. మంచివి రెండు మూడు చాలు.

సమస్య: ఫోటో తీసుకున్నారు, అమ్ముడు పోవడం లేదు

కీవర్డ్‌లు, అంటే కొనేవాళ్లు ఫోటోను వెతికే మాటలు, చూసుకోండి. షట్టర్‌స్టాక్‌లో 50 వరకు, అడోబీలో 49 వరకు ఇవ్వచ్చు. అడోబీలో వరుస కూడా ముఖ్యమే, కాబట్టి అసలు విషయం చెప్పే మాటలు మొదటి పదిలోనే పెట్టండి. "అందం", "ప్రకృతి" లాంటివి ఎవరికీ దారి చూపవు. బతుకమ్మ, గునుగు పువ్వు, తెలంగాణ, మహిళల పండుగ వంటివి ఇంగ్లిష్‌లో ఇవ్వండి. సూర్యాస్తమయాలు కుప్పలుగా ఉన్నాయి. కళ్లాల్లో మిర్చి ఆరబోత, నారుమడి పని మనకు దగ్గరి విషయాలు. అవి తీయండి, డిజైనర్ అక్షరాలు పెట్టుకోవడానికి ఒక పక్క ఖాళీ వదలండి.

సమస్య: డబ్బు తక్కువ వచ్చింది, లేదా రాలేదు

అడోబీలో ఖాతాలో 25 డాలర్లు జమయ్యాకే తీసుకోగలం. అమెరికా బయటివాళ్లు ఇచ్చే పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్ ఇవ్వకపోతే అమెరికా అమ్మకాల మీద 30 శాతం కోత పడవచ్చు. పాన్ నంబరుతో, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద నింపితే రాయల్టీ (అమ్మకంలో మీకొచ్చే వాటా) మీద అది 15 శాతానికి తగ్గుతుంది. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ ఏడాది చివరితో ఆ ఫారం గడువు ముగుస్తుంది, మళ్లీ నింపాలి.