పాత సైనిక రైఫిళ్లు ఎంచుకోవడం – 3వ భాగం: మోసినా, మౌజరా, ఎన్‌ఫీల్డా?

చట్టం, బడ్జెట్ సంగతులు గత రెండు భాగాల్లో అయిపోయాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక్కటి మాత్రం మళ్లీ చెప్తున్నా: హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉంటే, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వచ్చేదాకా చదువుకోండి, చూడండి, కొనకండి. ఇండియాలో .303 (ఎన్‌ఫీల్డ్ తూటా సైజు) నిషిద్ధ బోరు, కాబట్టి అక్కడివాళ్లకి ఇది తెలుసుకోవడం వరకే.

సరే, గన్ షోలో ఒకే బల్ల మీద మూడు రైఫిళ్లున్నాయి అనుకోండి. రష్యన్ మోసిన్ నాగాంట్ 91/30, జర్మన్ మౌజర్ కే98కే, బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. కొత్తవాళ్లు వెంటనే ఏది బాగా పేలుతుంది, ఏది ఎక్కువ యుద్ధాలు చూసింది అని అడుగుతారు. అమ్మేవాడు కూడా స్టాలిన్‌గ్రాడ్ కథ మొదలుపెడతాడు. అది విని నవ్వి ఊరుకోండి. మీరు తేల్చుకోవలసింది వేరే: యుద్ధం అయిపోయాక ఈ రైఫిల్ ఎవరి చేతుల్లోంచి వచ్చింది, వాళ్లు దీన్ని ఏం చేశారు? ధర అక్కడే తేలుతుంది, దానికి జవాబు ఇనుము మీదే ఉంటుంది.

ముట్టుకునే ముందు అమ్మేవాణ్ణి అడగండి, బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) తెరవండి, లోపల తూటా లేదని కళ్లతో చూడండి. ప్రతిసారీ. వాడు ఖాళీయే అన్నా సరే.

మోసిన్‌తో మొదలుపెడదాం. రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప భాగం) ముందు, గొట్టం మీద ముద్ర చూడండి. నక్షత్రంలో బాణం ఉంటే తులా ఫ్యాక్టరీ, త్రిభుజంలో బాణం ఉంటే ఇజెవ్స్క్. పక్కన సంవత్సరం. 1942, 43 ఇజెవ్స్క్ రైఫిళ్ల మీద యంత్రం గీతలు గరుకుగా కనిపిస్తాయి, అప్పటి తొందర అలాంటిది, దాన్ని లోపం అనుకోకండి. ఇప్పుడు అసలు పని: గొట్టం, బోల్ట్, మ్యాగజైన్ అడుగు రేకు, బట్ వెనక రేకు, ఈ నాలుగింటి మీదా నంబర్లు కలుస్తున్నాయా చూడండి. కలిస్తే సంబరపడిపోవద్దు, ఎందుకంటే యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాలు ఈ రైఫిళ్లని లక్షల్లో విప్పి, దొరికిన భాగాలు దొరికినట్టు బిగించి, పాత నంబర్లు కొట్టేసి కొత్తవి చెక్కాయి. అంకెల తీరు ఒక భాగానికీ ఇంకో భాగానికీ వేరుగా ఉన్నా, కరెంటు పెన్నుతో రాసినట్టున్నా, పక్కన గీత కొట్టేసిన పాత నంబరున్నా అది తర్వాత కలిపిన నంబరే. చదరంలో అడ్డగీత ముద్ర, చెక్క మీద ఎర్రగా మెరిసే షెల్లాక్ పూత కూడా అదే చెప్తాయి. తప్పేం లేదు, కానీ "ఒరిజినల్ మ్యాచింగ్" (నంబర్లన్నీ ఫ్యాక్టరీవే) అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. 2010 ప్రాంతంలో ఇవి వంద డాలర్ల లోపే దొరికేవి, ఆ రోజులు పోయాయి. మోసిన్‌లోనే నిజంగా వెతకదగ్గది కావాలంటే చదరంలో ఎస్‌ఏ అనే ఫిన్లండ్ సైన్యం ముద్ర ఉన్నది చూడండి, ముఖ్యంగా ఎం39 మోడల్. ఫిన్‌లు రష్యన్ రిసీవర్లే తీసుకుని మంచి గొట్టం, మంచి చెక్క వేసుకున్నారు.

కే98కే దగ్గర డబ్బు ఎక్కువ పోతుంది, మోసాలూ ఎక్కువే. రిసీవర్ మీద బీవైఎఫ్ అని ఉంటే ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్ ఫ్యాక్టరీ, బీఎన్‌జెడ్ అంటే స్టైర్. ఎక్స్ ముద్ర కనిపిస్తే ఇది రష్యన్లకి చిక్కిన రైఫిల్, మోసిన్‌కి జరిగినదంతా దీనికీ జరిగింది. అమెరికన్ సైనికుడు 1945లో ఇంటికి తెచ్చుకున్నదైతే నంబర్లన్నీ పుట్టినప్పటివే ఉండొచ్చు, ధర రెండింతలు దాటుతుంది. వీటిలో ఒక చిత్రం ఉంది. కొందరు సంచిలో పట్టడం కోసం బ్యాండ్ (గొట్టాన్నీ చెక్కనీ కలిపి పట్టే ఇనుప పట్టీ) కింద చెక్కని రంపంతో కోసేశారు, డఫెల్ కట్ అంటారు. బ్యాండ్ జరిపి చూస్తే కోత కనిపిస్తుంది. ధర కొంత తగ్గుతుంది, కానీ నా వరకు మెరిసే రష్యన్ మౌజర్ కంటే ఆ కోసిన రైఫిలే మేలు.

ఎన్‌ఫీల్డ్ నాకు ఇష్టం, దాచుకోను. పోలీస్ స్టేషన్లో "త్రీనాట్‌త్రీ" చూసి పెరిగిన మనకి చేతికి తెలిసిన బరువు ఇది. నంబర్ 4లో బోల్ట్ పిడి వెనక నంబరు, రిసీవర్ నంబరు కలవాలి. తర్వాత బోల్ట్ హెడ్ (బోల్ట్ ముందు కొన) మీద 0 నుంచి 3 దాకా ఒక అంకె ఉంటుంది. అరుగుదల పెరిగేకొద్దీ పెద్ద అంకెది వేస్తారు, అంటే 3 ఉన్నదానికి ఇక పైన సర్దడానికి చోటు లేదు. ఎఫ్‌టీఆర్ అని చెక్కి ఉంటే ఫ్యాక్టరీలో పూర్తిగా బాగుచేసినది, కాల్చాలనుకునేవాళ్లకి మంచిదే. యూఎస్ ప్రాపర్టీ అని కనిపిస్తే అమెరికన్ సావేజ్ కంపెనీ బ్రిటన్ కోసం చేసింది.

బెంగాల్ ఇషాపూర్‌లో చేసిన ఎన్‌ఫీల్డ్‌లూ గన్ షో బల్లల మీద కనిపిస్తాయి. స్వాతంత్ర్యం తర్వాతవాటి మీద కిరీటం బదులు అశోక సింహాలు, ముందు చెక్క చీలకుండా అడ్డంగా ఒక స్క్రూ. 1960ల్లో వచ్చిన 2ఏ, 2ఏ1 మోడళ్లు మాత్రం 7.62 నాటో తూటాకి కొత్తగా చేసినవి. పాత .303ని మార్చి చేశారని అమ్మేవాడు అంటే నమ్మకండి.

గొట్టం లోపల లైటు వేసి చూడటం మూడింటికీ ఒకటే. పాత సైనిక తూటాల ప్రైమర్ (తూటాని అంటించే మందు) కాలి ఉప్పు మిగులుస్తుంది, కడగకపోతే తుప్పు గుంటలు పడతాయి. నల్లగా ఉన్నా లోపలి మెలికల గాడుల అంచులు పదునుగా ఉంటే పర్వాలేదు. మోసిన్ మూతి దగ్గర కొంత మేర గాడులే లేకుండా నున్నగా ఉందా, అరిగిన చివరని లోపలికి తొలిచేశారన్నమాట. కాల్చే ఉద్దేశం ఉంటే గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) కొలిపించకుండా ఒక్క తూటా కూడా పెట్టొద్దు. గోడకి తగిలించేదైనా సరే, ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో కాలుస్తారు.

మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా నంబర్ 4, కలిసిన బోల్ట్, 0 లేదా 1 హెడ్. వేటకోసం చెక్క కోసి పొట్టి చేసినవి చవకగా వస్తాయి, మళ్లీ మామూలు చేయడానికి ముందు చెక్క, బ్యాండ్లు వెతకాలంటే మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది.

ఈ వారం అభ్యాసం: అమ్మకానికి పెట్టిన ఏదైనా ఒక మోసిన్ ఫొటోలు పెద్దవి చేసుకుని నాలుగు నంబర్లూ కాగితం మీద రాయండి. ఫొటోలో ఏ నంబరు చూపించలేదో అది కూడా రాయండి, అమ్మేవాణ్ణి మొదట అడగాల్సింది దాని గురించే. వచ్చే భాగంలో స్విస్ కే31, బట్ రేకు విప్పితే కింద కొన్నిట్లో దొరికే సైనికుడి పేరు చీటీ.